విద్యాలయ నిర్మాత జి.డి. నాయుడు

ఒక సమాజం విద్యను ఏ దృష్టితో చూస్తున్నదో తెలుసుకోవాలంటే, అది తన పిల్లల కోసం కట్టించిన విద్యాలయ భవనాలను పరిశీలించాలి. ఏ గదికి ఎంత చోటు ఇచ్చారు, ఏ పరికరానికి ముందుగా ధనం వెచ్చించారు, ఆ భవనాన్ని ఎవరి చేతులు నిలబెట్టాయి అన్న విషయాలు ఆ సమాజపు ఆశలను స్పష్టంగా తెలియజేస్తాయి. మన పాఠశాల 75 సంవత్సరాలు పూర్తి చేసుకొన్న ఈ శుభసమయాన, తమిళదేశంలోని తెలుగువారిలో భవనాలకూ, యంత్రాలకూ, విద్యకూ ఒకే ముడి వేసిన ఒక మహనీయుని జీవితాన్ని స్మరించుకోవడం సముచితం. ఆయనే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి.డి. నాయుడు అన్న పొట్టి పేరుతోనే ఎరుగును.

మధుర నుండి కోయంబత్తూరు దాకా

విజయనగర ప్రభువుల కాలంలోనూ, 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మధురలో నాయక రాజ్యాన్ని నెలకొల్పిన తరువాతనూ తెలుగు కుటుంబాలు అనేకం దక్షిణానికి తరలివచ్చాయి. మధురలో తెలుగువారి ప్రాభవానికి గుర్తులుగా 17వ శతాబ్దంలో తిరుమల నాయకుడు కట్టించిన మహలూ, రాణి మంగమ్మ పేరిట వెలసిన సత్రమూ నేటికీ నిలిచి ఉన్నాయి. అవి రాజులు కట్టించిన కట్టడాలు.

కోయంబత్తూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారి కథ వేరు. వారిలో అధికులు నల్లరేగడి భూములను నమ్ముకొన్న కర్షకులు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం వారి వాడుక. ఇంటి తెలుగు మాటల్లో బతికిందే గాని, చాలా కుటుంబాలలో ఆ భాషకు లిపి పరిచయం కూడా లేకపోయింది. వారు పండించిన ప్రత్తి 19వ శతాబ్దాంతం నుండి నూలు మిల్లులకు ఆధారమయింది. 1930ల ప్రారంభంలో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి రాగానే మిల్లులు మరింతగా పెరిగాయి. మిల్లులకు మరమ్మతులు కావాలి. మరమ్మతులకు పనివారు కావాలి. పనివారికి శిక్షణ కావాలి. కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయాలు వెలసిన క్రమం ఇదే. కర్షక కుటుంబాలవారు పొలం నుండి కర్మాగారానికీ, కర్మాగారం నుండి కళాశాలకూ నడిచిన ఆ దారిలో జి.డి. నాయుడుగారి జీవితం ఒక ముఖ్యమైన మజిలీ.

బాల్యము, తొలి కృషి

నాయుడుగారు 1893వ సంవత్సరం మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకొన్నారు. బడి చదువు ఆయనకు రుచించలేదు. వల్లె వేయించే పాఠాలకంటె తన కళ్ళకు కనిపించే వస్తువు ఎలా పని చేస్తున్నదన్న ప్రశ్నే ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. ఉన్నత విద్య గాని, పట్టా గాని ఆయనకు లభించలేదు. తరువాతి కాలంలో కళాశాలల స్థాపనకు కారకుడైన ఈ వ్యక్తి స్వయంగా ఏ కళాశాలలోనూ చదువలేదన్న విషయం విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి వాడుతున్న మోటారు సైకిలు ఆయన కంటబడింది. ఎద్దూ గుర్రమూ లేకుండా కదిలే ఆ బండి ఆయన మనసును పట్టుకొన్నది. దానిని కొనాలన్న పట్టుదలతో కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా కుదిరారు. కూలి డబ్బులు కూడబెట్టి చివరకు ఆ మోటారు సైకిలును సొంతం చేసుకొన్నారు. దానిపై ఊరేగడంకంటె దానిని ఊడదీసి, భాగాలను పరిశీలించి, తిరిగి బిగించడంలోనే ఆయన ఎక్కువ కాలం గడిపారు. ఆయన చదివిన మొదటి పాఠ్యగ్రంథం ఆ యంత్రమే అనవచ్చును.

కొంతకాలం మెకానికుగా పని చేసి, ప్రత్తి వ్యాపారంలో చేయి పెట్టి నష్టపోయిన తరువాత 1920లో ఒక బస్సును సంపాదించి పొళ్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడిపారు. ప్రారంభంలో ఆ బస్సుకు డ్రైవరు కూడా ఆయనే. ఒక్క బస్సుతో మొదలైన ఆ వ్యాపారం యూనివర్సల్ మోటార్ సర్వీస్ అన్న పేరుతో దక్షిణ భారతదేశంలోనే పేరెన్నికగన్న రవాణా సంస్థగా పెరిగింది. అంత పెద్ద సంస్థను నడపడానికి ఆయనకు కావలసింది ఇంజను శబ్దం విని దోషం చెప్పగల పనివారు. అటువంటివారిని ఏ బడీ తయారు చేసి పంపలేదు. పనిలోనే నేర్పుకోవలసి వచ్చింది. నాయుడుగారి విద్యాసిద్ధాంతానికి బీజం పడింది ఈ అనుభవంలోనే.

పీళమేడు వాతావరణం

నాయుడుగారి కృషిని అర్థం చేసుకోవాలంటే పీళమేడును గురించి కొంత తెలుసుకోవాలి. కోయంబత్తూరు నుండి అవినాశి వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఈ ఊరిలో పి.ఎస్.జి. కుటుంబం వారు విద్యాదానానికి గట్టి పునాది వేశారు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో కుటుంబ ఆస్తిని అయిదు భాగాలు చేసి, నాలుగు భాగాలు తాము పంచుకొని, అయిదవ భాగాన్ని ధర్మానికి విడిచారు. ధర్మాన్ని అయిదవ సోదరునిగా భావించిన ఆ పంపకం నుండి పుట్టినదే పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్. ఆ సంస్థ మొదట స్థాపించిన వాటిలో పారిశ్రామిక శిక్షణాలయం ఒకటి. ఆర్ట్స్ కళాశాల 1947లోనూ, సాంకేతిక కళాశాల 1951లోనూ వచ్చాయి. అనగా ఇక్కడ పట్టాల కళాశాలకంటె పనిశాల పెద్దది. వయసులో కనీసం ఇరవై సంవత్సరాలు పెద్దది.

ఈ వాతావరణంలోనే నాయుడుగారు పీళమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అన్న కర్మాగారాన్ని నెలకొల్పారు. డి. బాలసుందరం నాయుడుగారి సహకారంతో అక్కడ తయారయిన విద్యుత్ మోటారు 1937లో వెలువడింది. భారతదేశంలో తయారయిన తొలి విద్యుత్ మోటారుగా దానికి ప్రసిద్ధి. బావులలోని నీటిని తోడడానికి కపిల ఎద్దులపై ఆధారపడిన ఆ ప్రాంతపు రైతుకు మోటారు స్థానికంగా తయారు కావడం ఎంత మార్పు తెచ్చిందో ఊహించుకోవచ్చును. పొడి బ్యాటరీతో నడిచే రేసంట్ అన్న గడ్డం గీసుకొనే యంత్రం, పండ్ల రసం తీసే పరికరం, కిరోసినుతో తిరిగే పంఖా, మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రం మొదలైనవి నాయుడుగారి ప్రతిభకు నిదర్శనాలు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలనని ఆయన ప్రకటించారు. ఈ వస్తువులన్నింటిలోనూ ఒకే ఆలోచన కనిపిస్తుంది. ధనికునికి మాత్రమే అందుతున్న సౌకర్యాన్ని సామాన్యునికి అందే వెలకు దింపడమే ఆ ఆలోచన.

భవన నిర్మాణంలో కూడా ఆయనది ఇదే మార్గం. ఉదయం 6 గంటలకు పునాది వేసి, ఆ సాయంత్రం 5 గంటలకల్లా ఒక ఇంటిని పూర్తి చేయించిన వృత్తాంతం కోయంబత్తూరులో చాలా ప్రసిద్ధం. ముందుగా సామగ్రిని సిద్ధపరచి, ప్రతి పనివానికీ తన పని ఏదో, ఏ గంటకు చేయాలో నిర్ణయిస్తే కాలాన్ని ఎంత తగ్గించవచ్చునో నిరూపించడమే ఆ నిర్మాణపు ఉద్దేశం. కాలం విషయంలో ఆయనకు గల ఈ పట్టుదలే తరువాత ఆయన విద్యారంగ జీవితాన్ని మలుపు తిప్పింది.

1945: కళాశాలల స్థాపన

1944లో నాయుడుగారు మోటారు రవాణా వ్యాపార బాధ్యతల నుండి తప్పుకొన్నారు. పరిశోధక విద్యార్థులకు సహాయం, ఉద్యోగుల సంక్షేమం, అణగారిన వర్గాల అభ్యున్నతి కోసం విరాళాలు ప్రకటించారు. మరుసటి సంవత్సరం, 1945లో, ఆయన కృషి వలననూ విరాళాల వలననూ కోయంబత్తూరులో పాలిటెక్నిక్కూ, ఇంజనీరింగు కళాశాలా ఏర్పడ్డాయి. నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరును వాటికి పెట్టారు. సొంత ధనమిచ్చినవారు సొంత పేరు పెట్టుకోవడం లోకరీతి. ఇక్కడ దాత పేరు వెనుక నిలిచి, పాలకుని పేరు ముందుకు వచ్చింది.

రెండవ ప్రపంచయుద్ధం ముగుస్తున్న ఆ దినాలలో ఒక జిల్లా కేంద్రంలో ఇంజనీరింగు కళాశాల వెలయడం సామాన్య విషయం కాదు. యంత్రవిద్య నేర్వగోరిన కోయంబత్తూరు బాలుడు ఇక మద్రాసుకు వెళ్ళక తప్పని స్థితి తొలగింది. పట్టా లేని నాయుడుగారే ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా బాధ్యత వహించారు. చేతిలో పనితనమే ఆయనకు గల అర్హత.

అయితే త్వరలోనే అభిప్రాయభేదం తలెత్తింది. ఇంజనీరింగు విద్యకు నాలుగు సంవత్సరాల కాలం అవసరం లేదనీ, సక్రమంగా బోధిస్తే రెండు సంవత్సరాలు చాలుననీ నాయుడుగారి వాదం. ప్రభుత్వం అందుకు సమ్మతించలేదు. ఆయన తన పదవికి రాజీనామా చేసి వైదొలగారు. తాను శ్రమించి నిలబెట్టిన విద్యాలయాన్ని తన సిద్ధాంతం కోసం విడిచిపెట్టడం ఆయన జీవితంలోని కఠినమైన ఘట్టాలలో ఒకటి.

ఈ వివాదంలో న్యాయం ఎవరి పక్షాన ఉన్నదో నిర్ణయించడం సులభం కాదు. నాయుడుగారి వాదానికి బలమున్నది. నాలుగేండ్లు కొడుకును పట్నంలో ఉంచి చదివించగల స్తోమత ఎందరు రైతులకు ఉన్నది? కాలం సగానికి తగ్గితే ఖర్చు సగానికి తగ్గుతుంది. పేద ఇంటి పిల్లవాడు రెండేండ్ల ముందుగానే సంపాదనలో పడతాడు. మరొక వైపు ప్రభుత్వ పక్షానికీ బలమున్నది. గణితం, భౌతికశాస్త్రం లోతుగా చదవకుండా యంత్రాన్ని నడపడం నేర్వవచ్చును గాని, కొత్త యంత్రానికి రూపకల్పన చేయడం కష్టం. పైగా ఇతర ప్రాంతాలలో నాలుగేండ్ల పట్టాకు గల గౌరవం కోయంబత్తూరు విద్యార్థి రెండేండ్ల చదువుకు దక్కకపోతే నష్టపోయేది ఆ విద్యార్థియే.

అమెరికాలో ఇటువంటి గాథ

ఇదే ప్రశ్న అంతకు అర్ధశతాబ్దం ముందే అమెరికాలో మరింత తీవ్రంగా తలెత్తింది. 1865లో బానిసత్వం అంతమైన తరువాత అక్కడి నల్లజాతివారికి ఇతరుల కళాశాలలలో ప్రవేశం దుర్లభం కావడంతో వారికి ప్రత్యేక విద్యాలయాలు అవసరమయ్యాయి. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1881 జూలై 4వ తేదీన అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో 30 మంది విద్యార్థులతో ఒక పాఠశాలను ప్రారంభించారు. పాతబడిన ఒక చర్చీ, దాని పక్కనున్న పాకా తొలి తరగతి గదులు. తరువాత పాడుబడిన ఒక తోటభూమిని కొని, భవనాలకు కావలసిన ఇటుకలను విద్యార్థుల చేతనే చేయించారు. మూడుసార్లు ఆవము విఫలమయింది. వాషింగ్టన్ తన గడియారాన్ని తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ముతో నాలుగవసారి పేర్చిన ఆవములో ఇటుకలు సరిగా కాలాయి. తొలి 19 సంవత్సరాలలో అక్కడ లేచిన 40 కట్టడాలలో నాలుగు తప్ప మిగిలినవన్నీ దాదాపుగా విద్యార్థులు కట్టినవే. 1892లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ నుండి పట్టా పొందిన నల్లజాతి వాస్తుశిల్పి రాబర్ట్ టేలర్ ఆ భవనాలలో అనేకం రూపొందించారు. ఆయన రూపకల్పన చేసిన ప్రార్థనామందిరం 1957లో అగ్నికి ఆహుతి కాగా, దాని స్థానంలో 1969లో కొత్త మందిరం వెలసింది.

వాషింగ్టన్ పద్ధతిని నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1903లో తీవ్రంగా విమర్శించారు. చేతిపనికే ప్రాధాన్యమిస్తే తమ జాతి పిల్లలకు ఉన్నత విద్య అందకుండా పోతుందన్నది ఆయన ఆవేదన. వృత్తివిద్య అణగారినవారికి నిచ్చెన అవుతుందా, లేక వారిని క్రింది మెట్టుపైనే ఉంచే కట్టడి అవుతుందా అన్నది అసలు ప్రశ్న. టస్కెగీ చరిత్ర దీనికి ఒక సమాధానం సూచిస్తున్నది. విద్యార్థులు ఇటుకలు చేసిన ఆ ఆవరణే తరువాత విశ్వవిద్యాలయంగా పెరిగింది. ఇటుకతో మొదలుపెట్టడం తప్పు కాదు. ఇటుక దగ్గరే ఆగిపోతే తప్పు.

నాయుడుగారి పరిస్థితి వాషింగ్టన్ పరిస్థితి వంటిది కాదు. కోయంబత్తూరు తెలుగువారు బానిసత్వం అనుభవించినవారు కారు. వారిలో భూమి గలవారూ, మిల్లులు గలవారూ ఉన్నారు. అయినా ప్రభుత్వం ఇచ్చేదాకా వేచి ఉండక, తమ ధనంతో తమ ఊరిలో విద్యాలయాన్ని నిలబెట్టాలన్న సంకల్పం రెండు చోట్లా ఒక్కటే. చేతికీ బుద్ధికీ మధ్య గోడ ఉండరాదన్న విశ్వాసమూ ఒక్కటే.

ఉత్తర జీవితము

కళాశాల నుండి తప్పుకొన్నా నాయుడుగారు విద్యాదానం మానలేదు. స్వల్పకాలిక శిబిరాలలో యువకులకు యంత్రవిద్య నేర్పించారు. 1952లో 2,000 రూపాయలకు అందించగల రెండు సీట్ల కారును రూపొందించారు గాని, దానికి ప్రభుత్వ అనుమతి లభించకపోవడంతో ఉత్పత్తి ఆగిపోయింది. ప్రత్తి, బొప్పాయి వంటి పంటలపై ప్రయోగాలు చేశారు. ఛాయాగ్రహణంలో కూడా ఆయనకు అభిరుచి మెండు. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను స్వయంగా చిత్రీకరించారు. నోబెల్ పురస్కార గ్రహీత సి.వి. రామన్ ఆయన ప్రతిభను మెచ్చుకొన్నవారిలో ఒకరు.

1967లో ఆయన అవినాశి రోడ్డులో పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పారు. పాఠశాల విద్యార్థులు యంత్రాలను దగ్గరగా చూసి తెలుసుకోవడానికి అనువైన ఆ ప్రదర్శనశాలను ఆయన కట్టించిన చివరి తరగతి గదిగా భావించవచ్చును. అందులో హాజరు పట్టిక లేదు, పట్టా లేదు, నాలుగేండ్ల గడువు లేదు. 1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు పరమపదించారు.

మిగిలిన గుర్తులు

1945లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల తరువాత తడాగం రోడ్డుకు తరలిపోయి, ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా పేరొందింది. కాని అవినాశి రోడ్డులో పీళమేడు దాటిన తరువాత వచ్చే కూడలిని ప్రజలు నేటికీ హోప్స్ కాలేజీ అనే పిలుస్తారు. కళాశాల కదిలిపోయినా దాని పేరు ఆ చోటును విడువలేదు. ఆ చుట్టుపక్కలే 1956లో కోయంబత్తూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ స్థాపితమయింది. ఒక విద్యాలయం వేసిన బాటలో మరొకటి వచ్చింది.

అనేక సంవత్సరాలు ఆ కూడలిలో గవర్నరు పేరు వినిపించేదే గాని, ధనమూ శ్రమా వెచ్చించినవాని పేరు వినిపించేది కాదు. 2025 అక్టోబరు 9వ తేదీన అవినాశి రోడ్డుపై 10 కిలోమీటర్లకు పైగా పొడవున్న వంతెన మార్గాన్ని తమిళనాడు ప్రభుత్వం ప్రారంభించి, దానికి జి.డి. నాయుడుగారి పేరు పెట్టింది. హోప్స్ కాలేజీ కూడలి మీదుగా సాగే ఆ మార్గంలో ప్రయాణించేవారు ఇప్పుడు రెండు పేర్లూ వింటున్నారు. బస్సు డ్రైవరుగా జీవితాన్ని మలచుకొన్న వ్యక్తికి రోడ్డు రూపంలోనే స్మారకం లభించడం ఔచిత్యంగా ఉన్నది.

విద్యార్థులకు ఒక మాట

ఈ చరిత్ర నుండి మనం గ్రహించదగినది ఒకటున్నది. భవనాలు తరలిపోతాయి, పేర్లు మారుతాయి, పాలకులు మారుతారు. విద్యాలయానికి ప్రాణం పోసేది ఆ విద్య ఎవరికి అందాలని స్థాపకులు కోరుకొన్నారో ఆ కోరికే. పట్టా లేనివాడు కళాశాల కోరుకొన్నాడు. తనకు దొరకనిది తరువాతి తరానికి తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో దొరకాలని తపించాడు. ఆయన చెప్పిన రెండేండ్ల లెక్క నెగ్గలేదు. కాని చదువు పేరిట పేదవాని కాలం వృథా కారాదన్న ఆయన హెచ్చరిక నేటికీ వర్తిస్తుంది.

తమిళ ప్రాంతంలో తెలుగు మాధ్యమ పాఠశాలను 75 సంవత్సరాలు నడపడం కూడా ఇటువంటి సంకల్పమే. ఇంటి భాష బడి గుమ్మం దగ్గర ఆగిపోరాదనీ, మాటగా మిగిలిన తెలుగుకు అక్షరం తోడు కావాలనీ కోరిన పెద్దల ఫలమిది. మన తరగతి గదులలో కూర్చున్న బాలబాలికలు అక్షరంతో పాటు పనిముట్టును కూడా ఆదరించాలి. పనిముట్టు పట్టినవారు గ్రంథాన్ని విడువరాదు. తెలుగు నేర్చిన మన విద్యార్థి తమిళంలో, ఆంగ్లంలో, శాస్త్రాలలో ఎవరికీ తీసిపోరాదు. ఆ శ్రద్ధను మన పాఠశాల రాబోయే తరాలకు కూడా అందించాలనీ, అందుకు పూర్వ విద్యార్థులు తమ చేయూతనివ్వాలనీ ఆశిద్దాం.